బార్తెల్ స్కోరు 100, అయినా నేల మీద కూర్చోలేరు: ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ)లో సామాజిక న్యాయం ఎక్కడ మొదలవ్వాలి?

సింధు_ఓటీ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఇంటర్న్‌షిప్ పిల్లలకు ఆక్యుపేషనల్ జస్టిస్ (తనకు అర్థమున్న పనులు చేసుకునే న్యాయం అందరికీ దక్కడం), డీకలోనియల్ ఓటీ (వలస పాలన నాటి చూపు వదిలించుకున్న ఓటీ) మీద రెండు గంటల క్లాసు సిద్ధం చేయాలి. ఓటీ అంటే జబ్బు, వైకల్యం వచ్చిన మనిషి రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా చేసే చికిత్స. థియరీకి కొదవ లేదు. టౌన్‌సెండ్, విల్కాక్‌ల ఆక్యుపేషనల్ జస్టిస్, వైట్‌ఫోర్డ్ 2000లో రాసిన ఆక్యుపేషనల్ డెప్రివేషన్ (తన చేతిలో లేని కారణాలతో పనులకు దూరం కావడం), ప్రపంచ ఓటీ సమాఖ్య డబ్ల్యూఎఫ్‌ఓటీ 2006లో ఇచ్చి 2019లో సవరించిన మానవ హక్కుల ప్రకటన. ఇవన్నీ స్లైడ్ల మీదికి ఎక్కుతాయి, పరీక్షలో పది మార్కుల ప్రశ్నగా వస్తాయి, అక్కడితో సరి. మర్నాడు ఓపీడీలో మళ్లీ అదే ఫారం, అదే బార్తెల్ (సొంత పనులకు 100కి మార్కులు వేసే స్కేలు), అదే ‘ఏడీఎల్‌లో ఇండిపెండెంట్’ (రోజువారీ సొంత పనులు సాయం లేకుండా) అనే గోల్.

పేషెంట్‌కు ఇరవై నిమిషాలు దొరికే జిల్లా ఆస్పత్రిలో ఈ ఆలోచన వల్ల చేసే పని ఏం మారాలి? పుస్తకాల పేర్లు వద్దు, పని చెప్పండి.

నల్లరేగడి

ఫారంతోనే మొదలుపెట్టండి మేడం. బార్తెల్ ఇండెక్స్ 1965లో అమెరికాలోని మేరీలాండ్‌లో అచ్చయింది. పది అంశాలు. తిండి 10, స్నానం 5, ముస్తాబు 5, బట్టలు 10, మలవిసర్జన అదుపు 10, మూత్రం అదుపు 10, టాయిలెట్ వాడకం 10, మంచం–కుర్చీ మధ్య మారడం 15, నడక 15, మెట్లు 10. ఇవన్నీ మనకు కంఠతా వచ్చు. ఆ అంశాల కింద ఉన్న వివరణ మాత్రం ఎవరూ చదవరు. స్నానం అంటే టబ్బు, షవర్, లేకపోతే తడిగుడ్డతో ఒళ్లంతా తుడుచుకోవడం. ముస్తాబు దగ్గర ఆడవాళ్లు మేకప్ వాడేవాళ్లయితే తామే వేసుకోగలగాలి, జడ వేసుకోవడం మాత్రం లెక్కలోకి రాదు అని స్పష్టంగా ఉంది. మన ఆడవాళ్లు పక్షవాతం తర్వాత మొదట అడిగే పనుల్లో జడ ఒకటి. అది స్కేలులోంచి పేరు పెట్టి తీసేసిన పని.

ఇక మారడం అంటే మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి. నేల ఎక్కడా లేదు. మన దగ్గర భోజనం, నిద్ర, పొయ్యి, పూజ, పంచాయితీ, చావు ఇంటి పలకరింపు అన్నీ నేల మీదే. మనిషికి 100కి 100 వేసి ఇంటికి పంపితే అక్కడ ఒక్కడికే ప్లాస్టిక్ కుర్చీ వేసి మూలన కూర్చోబెడతారు. మన కాగితం మీద ఆ మనిషి పూర్తిగా ఇండిపెండెంట్.

మోకాలి విషయంలోనూ ఇంతే. మార్పిడి ఆపరేషన్ తర్వాత 110 డిగ్రీలు వంగితే ‘బాగుంది’ అని రాస్తాం. గొంతుకూర్చోవాలంటే 130 దాటాలి, మడమ నేలకు ఆనాలంటే చీలమండ కూడా బాగా వంగాలి. ఆ 110 కుర్చీలూ కమోడ్లూ ఉన్న ఇంటికి సరిపోయే లెక్క. ఇంప్లాంట్ అంతకు మించి వంగకూడదని సర్జన్ చెబితే అది వేరే సంగతి. అప్పుడు టాయిలెట్ సంగతి, నాట్ల సంగతి డిశ్చార్జికి ముందే మాట్లాడాలి.

కెఆర్_న్యూరో

రేగడి గారూ, ఒక అభ్యంతరం. స్టాండర్డ్ స్కేలులో మనకు తోచిన అంశం కలిపితే అది ఇక బార్తెల్ కాదు. స్కోరు ఇంకో ఆస్పత్రితో పోల్చలేం, బీమా కాగితాల్లో చెల్లదు, రీసెర్చికి పనికిరాదు. డీకలోనియల్ పేరుతో కొలతలే చెడగొట్టుకుంటే చివరికి నష్టపోయేది పేషెంటే.

అయితే పరిష్కారం పెద్ద కష్టం కాదు. బార్తెల్‌ను ముట్టుకోవద్దు. దాని వెనక ఇంకో కాగితం పిన్ను చేయండి, ‘నేల షీటు’ అనండి. మొత్తం స్కోరు వద్దు. ఒక్కో పనికీ 0, 1, 2 మాత్రమే: చేయలేరు, సాయంతో చేస్తారు, సొంతంగా చేస్తారు. అంశాలు ఇలా పెట్టుకోవచ్చు:

నేల మీద కూర్చుని మళ్లీ లేవడం (ఏం పట్టుకుని లేచారో రాయాలి). గొంతుకూర్చుని చెంబుతో కడుక్కోవడం. బకెట్ నీళ్లు మగ్గుతో ఒళ్లు తడుపుకోవడం. అన్నం కలుపుకుని తినడం. చీర, లుంగీ లేదా పంచె కట్టుకోవడం. జడ లేదా కొప్పు. బిందె ఎత్తడం. బస్సు మొదటి మెట్టు ఎక్కడం.

ఎనిమిది అంశాలు, ఆరేడు నిమిషాల పని. బకెట్ దగ్గర బరువు కూడా రాయండి. 15 లీటర్ల బకెట్ నిండితే 15 కిలోలు, సగం నింపితే ఏడున్నర. ‘స్నానం సొంతంగా’ అని రాసేముందు ఆ నీళ్లు బాత్రూం దాకా ఎవరు మోశారో అడగాలి.

కృష్ణాతీరం

నేల షీటులో ఒకటి కలపండి, ఏ చెయ్యి పోయింది అని. మనకు అన్నం కుడిచేత్తో, కడుక్కోవడం ఎడమచేత్తో. కుడి పక్క పడిపోయినవాళ్లు ఎడమచేత్తో తినాలి. ఎడమ పక్క పడిపోయినవాళ్లు కుడిచేత్తో కడుక్కుని అదే చేత్తో అన్నం కలపాలి. రెండు సందర్భాల్లోనూ బార్తెల్‌లో తిండికి 10కి 10, టాయిలెట్‌కు 10కి 10 వేసేస్తాం. ఇంటికెళ్లాక ఆ మనిషి నలుగురిలో పంక్తిలో కూర్చోడు, పెళ్లి భోజనాలకు పోడు. భోజనం తగ్గించేవాళ్లూ ఉంటారు. దాన్ని ఇంట్లోవాళ్లు ‘ఆకలి లేదంటున్నాడు’ అని చెబుతారు, మనం డిప్రెషన్ అని రాస్తాం.

దీనికి రెండు దారులు. ఒకటి, కడుక్కునే పని చేతి నుంచి తప్పించడం. టాయిలెట్లో చెయ్యి పనిచేసే పక్క గోడకు జెట్ స్ప్రే బిగించాలి, పైపు మీటరు పొడవైనా ఉండాలి. పొట్టి పైపయితే మనిషి పక్కకు వాలి పడిపోతాడు. రెండోది, తినేటప్పుడు చెంచా. చెంచా వద్దనేవాళ్లే ఎక్కువ. అప్పుడు అంచు నిటారుగా ఉన్న కంచం తీసుకుని దాని కింద తడిగుడ్డ మడిచి పెట్టాలి, కంచం జారదు. ఒక చేత్తో ముద్ద కలపాలంటే అన్నాన్ని అంచుకు ఒత్తాలి, అంచు లేని స్టీలు పళ్లెంలో అది కుదరదు. పప్పు, పెరుగు కాస్త గట్టిగా ఉండాలి. చారు మొదట్లో వద్దు.

ఏ దారి కావాలో పేషెంట్‌నే అడగాలి. విడిగా అడగాలి, వార్డులో పదిమంది ముందు కాదు.

భారతీయం_76

మంచి చర్చ. నా మాట ఒకటే. డీకలోనియల్ అంటే మన సంప్రదాయానికి తిరిగి రావడం. పాశ్చాత్యులు ఇండిపెండెన్స్ అంటారు, మనది ఉమ్మడి కుటుంబం. పెద్దవాళ్లకు అన్నం తినిపించడం మన సంస్కృతి. వాళ్లకు బలవంతంగా ‘సెల్ఫ్ ఫీడింగ్’ నేర్పడమే కలోనియల్. యోగా, పూల మాలలు, ముగ్గులు, ఇవే మన ఓటీ.

పాలమూరు_పద్మ

76 గారూ, ‘కుటుంబం చూసుకుంటుంది’ అన్న వాక్యంలో కర్త ఎవరో చెప్పండి. కుటుంబం అనే మనిషి లేడు. ఉన్నది కోడలు, లేకపోతే చదువు మానేసిన ఆడపిల్ల. ఇండిపెండెన్స్ అనేది పడమటి విలువ అని హామెల్ లాంటి ఓటీ రచయితలు చేసిన విమర్శ నిజమే, దాన్ని కాదనను. కానీ దాన్ని తెచ్చి మన ఇంట్లో పెట్టగానే మామకు తినిపించడం సంస్కృతి అవుతుంది, కోడలు మధ్యాహ్నం కూలికి పోలేకపోవడం మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు.

అందుకే ఇంటర్న్‌లకు ఇది నేర్పండి సింధు గారూ. గోల్ రాసేటప్పుడు రెండు నిలువు గళ్లు గీయాలి. మొదటి గడిలో పేషెంట్ చేసే పని, రెండో గడిలో ఆ పని వల్ల ఎవరి రోజులో ఎంత సమయం పోతోంది, ఎంత మిగులుతుంది. ‘సాయంతో స్నానం’ అని రాస్తే పక్కన ‘కోడలు, పొద్దున 40 నిమిషాలు, పనికి పోయే టైములో’ అని ఉండాలి. అది కనిపిస్తే గోల్ మారుతుంది. స్నానం సాయంత్రానికి జరపడం కూడా ఓటీ ఇంటర్వెన్షనే. కొడుకు చేతికి మగ్గు ఇచ్చి నేర్పించడం కూడా. ట్రాన్స్‌ఫర్ ట్రైనింగ్ (పేషెంట్‌ను మంచం నుంచి కుర్చీకి మార్చడం నేర్పడం) ఇచ్చేటప్పుడు ‘ఇంట్లో ఎవరున్నారు’ అంటే ఆడమనిషే ముందుకు వస్తది. పేరు పెట్టి కొడుకును పిలవండి, బరువెత్తే పని అతనికే నేర్పండి.

పడమటి స్కేళ్లలో కూడా ఇదే రోగం ఉంది, మనం ఒక్కళ్లమే కాదు. వంట, ఇంటిపని లాంటివి కొలిచే లాటన్ ఐఏడీఎల్ స్కేలు 1969ది. అందులో ఆడవాళ్లకు ఎనిమిది అంశాలు, మగవాళ్లకు అయిదు. వంట, ఇంటిపని, బట్టలుతకడం మగవాళ్ల లెక్కలోంచి తీసేశారు. ఇప్పటికీ కొన్నిచోట్ల ఆ పాత స్కోరింగే జిరాక్స్ అయి తిరుగుతున్నది.

డప్పు_దరువు

పద్మక్క చెప్పింది సగం. మిగతా సగం కులం. ‘మన సంప్రదాయం’ అన్న మాట వినగానే ఎవరి సంప్రదాయం అని అడగాలి. ఓటీ పుట్టిన దేశంలో పని అంటే మనిషి ఎంచుకునేది, దానిలో అర్థం వెతుక్కునేది. మన దగ్గర పని పుట్టుకతో అంటగట్టింది. ‘మీనింగ్‌ఫుల్ ఆక్యుపేషన్’ అంటూ పేషెంట్ పాత పనినే యాక్టివిటీగా తెచ్చి చేతిలో పెడితే అది చికిత్స అయ్యే అవకాశం ఎంతో, అవమానం అయ్యే అవకాశం అంత.

వార్డు యాక్టివిటీల్లో చూడండి. చీపురు, బుట్టలు, చాప, వంటగది. ఎవరికి చీపురు ఇస్తున్నారు, ఎవరిని లెడ్జరు రాయమంటున్నారు? నెల రోజుల రిజిస్టరు తీసి ఇంటర్న్‌లతో లెక్క వేయించండి. కులం అడగక్కర్లేదు, పాత పని, ఊళ్లో ఏ వైపు ఇల్లు అనే వివరాలు కేసు షీటులోనే ఉంటాయి. గ్రూపు వంట సెషన్‌లో ఎవరు వండింది ఎవరు తినలేదో కూడా గమనించాలి. దాన్ని ‘ఆకలి లేదు’ అని రాయకూడదు.

ఇంకోటి. ‘రిటర్న్ టు వర్క్’ మన డిఫాల్ట్ గోల్. సెప్టిక్ ట్యాంకులో దిగే మనిషికి చెయ్యి విరిగితే పట్టు బలం ఎంత వచ్చిందో కొలిచి ‘పాత పనికి ఫిట్’ అని రాస్తాం. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. అంటే మనం ఫిట్‌నెస్ ఇచ్చింది నేరమైన పనికి. అక్కడ రాయాల్సింది ‘ఈ పనికి తిరిగి పంపరాదు’ అని, కింద పునరావాసం దారి అని. మాన్యువల్ స్కావెంజర్లుగా గుర్తించినవాళ్లకు ఒకేసారి ఇచ్చే 40,000 రూపాయల నగదు సాయం ఉంది, ఇప్పుడు మురుగు కాలువ, సెప్టిక్ ట్యాంకు కార్మికుల కోసం నమస్తే పథకం ఉంది. సోషల్ వర్కర్‌కు రెఫరల్ అదే రోజు వెళ్లాలి.

సింధు_ఓటీ

ఇది నేరుగా క్లాసులోకి వెళ్తుంది. రిజిస్టరు లెక్క మంచి ఎక్సర్‌సైజు. 76 గారూ, ముగ్గులు, పూల మాలల గురించి కొంచెం వివరంగా చెబుతారా? చాలామంది స్లైడ్లలో అవే ఉంటున్నాయి.

కృష్ణాతీరం

76 గారు చెప్పేలోపు నేను ఒకటి అడ్డం వేస్తాను. పూలు కట్టడం నిజంగానే మంచి యాక్టివిటీ. బొటనవేలు–చూపుడువేలు పట్టు, రెండు చేతుల సమన్వయం, దారం బిగువు అన్నీ ఉన్నాయి. మల్లె మొగ్గ కాడ సన్నం కాబట్టి కష్టం, చామంతి సులువు. అలా గ్రేడింగ్ కూడా కుదురుతుంది. కానీ భర్త పోయిన ఆడమనిషి చేతికి పూలబుట్ట ఇస్తే ఏమవుతుందో ఆలోచించారా? కొందరు కడతారు, కొందరికి కళ్లనీళ్లు వస్తాయి, కొందరి అత్తగారు సెషన్ ఆపించేస్తుంది. ‘లోకల్ యాక్టివిటీ’ అయినంత మాత్రాన న్యాయమైన యాక్టివిటీ కాదు. చిక్కుడుకాయ ఈనె తీయడం, పల్లీలు వొలవడం కూడా అదే పట్టు. ముందు అడిగి ఇవ్వడమే పద్ధతి.

భారతీయం_76

వితంతువుల సంగతి ఒప్పుకుంటున్నాను, ఆ కోణం ఆలోచించలేదు. అయినా మొత్తం సంప్రదాయాన్నే పక్కన పెట్టడం సరికాదంటాను. జైపూర్ ఫుట్ (కృత్రిమ పాదం) సంగతేమంటారు? అది మన సొంత ఆలోచనే కదా.

నల్లరేగడి

జైపూర్ ఫుట్ మంచి ఉదాహరణే, కానీ అది సంప్రదాయంలోంచి రాలేదు. 1960ల చివర్లో జైపూర్ ఆస్పత్రిలో రామచంద్ర శర్మ అనే పనితనం తెలిసిన మనిషి, పి.కె. సేఠీ అనే సర్జన్ కలిసి చేశారు. బయటి నుంచి వచ్చిన సాచ్ ఫుట్‌కు బూటు తప్పనిసరి, దానితో గొంతుకూర్చోలేం, బురదలో నడవలేం. రబ్బరు, చెక్కతో చేసిన జైపూర్ పాదం వంగుతుంది, చెప్పులు లేకుండా నడవచ్చు, పొలంలో తడిసినా పోదు. వాళ్లు చూసింది మనిషి రోజంతా ఏం చేస్తాడన్నది. ఆ చూపే మనకు కావాలి.

కత్తిపీట కూడా అంతే. ఒక చేత్తో కూరలు తరగడానికి స్పైక్ బోర్డు అని విదేశీ కేటలాగులో ఉంటుంది. చెక్క పలకకు కింద నుంచి రెండు స్టెయిన్‌లెస్ మేకులు కొట్టి మూడు సెంటీమీటర్లు పైకి తేలేటట్టు వదిలితే అదే అది, వడ్రంగి చేస్తాడు. మామూలు ఇనుప మేకులు వేస్తే వారానికి తుప్పు. కానీ మన కత్తిపీటను కాలితో అదిమి పడతాం కాబట్టి బ్లేడు కదలదు, ఒక్క చెయ్యి చాలు. నేల మీద కూర్చోలేనివాళ్లకు దాన్నే వంట గట్టు మీద సి-క్లాంపుతో బిగించవచ్చు. ఎడమ పక్క నెగ్లెక్ట్ (ఆ పక్క ఉన్నదాన్ని మెదడు గమనించకపోవడం) ఉన్నవాళ్లకు, వేళ్ల స్పర్శ పోయినవాళ్లకు మాత్రం కత్తిపీట వద్దే వద్దు. బ్లేడు నిలబడి ఉంటుంది, చెయ్యి ఎక్కడుందో తెలియదు.

చరిత్ర_పుటలు

కొంచెం వెనక్కి వెళ్తాను. రాంచీలో 1918లో యూరోపియన్ల కోసం ప్రత్యేకంగా మానసిక వైద్యశాల పెట్టారు. 1922లో దేశంలో మొదటి ఓటీ విభాగం అక్కడే మొదలైందని ఆ సంస్థ చరిత్ర చెబుతుంది. భారతీయులకు రాంచీలో విడిగా ఆస్పత్రి 1925లో వచ్చింది. అంటే ఇక్కడ ఓటీ మొదట చర్మం రంగు చూసి అందిన సేవ. అప్పటికే వలస పాలనలోని పిచ్చాసుపత్రుల్లో భారతీయ రోగుల చేత నేత, తోటపని, నూనె గానుగ వంటివి చేయిస్తూనే ఉన్నారు. దాన్నీ చికిత్స అనే రాసుకున్నారు, ఆస్పత్రి ఖర్చు తగ్గడం కూడా ఆ లెక్కల్లోనే ఉండేది.

1950లో బొంబాయి కేఈఎం ఆస్పత్రిలో కమలా నింబ్కర్ స్కూలు మొదలుపెట్టారు, 1952లో డబ్ల్యూఎఫ్‌ఓటీ ఏర్పడినప్పుడు భారత్ వ్యవస్థాపక దేశాల్లో ఒకటి. దక్షిణాఫ్రికా కూడా, అదీ అపార్థీడ్ (తెల్లవాళ్ల జాతి వివక్ష పాలన) నడుస్తున్న రోజుల్లో. ఇంటర్న్‌లు ఈ రెండు వాక్యాలు పక్కపక్కన చదివితే చాలు, నేను వ్యాఖ్యానం చెప్పక్కర్లేదు.

మానస_ఎంహెచ్

పుటలు గారు చెప్పిన ‘పని పేరుతో చికిత్స’ ఇప్పటికీ పోలేదు. మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ 2017, సెక్షన్ 20 ప్రకారం ఆస్పత్రిలో ఉన్న మనిషిని పని చేయమని బలవంతం చేయకూడదు, పని చేస్తే తగిన పారితోషికం ఇవ్వాలి. వార్డులో కవర్లు అంటించడం, కొవ్వొత్తులు, గార్డెన్, వంటగదిలో కూరగాయలు, ఇవన్నీ ఓటీ పేరుతోనే నడుస్తాయి కాబట్టి సంతకం మనదే. మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ మనిషి చేయకపోతే ఈ పని జీతం ఇచ్చి ఎవరితోనైనా చేయించేవారా? అమ్మితే డబ్బు ఎవరి ఖాతాలోకి పోతోంది? వద్దంటే టీవీ, బయటికి వెళ్లే అనుమతి లాంటివి ఏమైనా పోతాయా? మొదటిదానికి అవును అయితే అది కూలి. రిజిస్టరులో యాక్టివిటీ పక్కన గంటలు, చెల్లించిన మొత్తం అనే గళ్లు ఉండాలి.

రెండోది సర్టిఫికెట్. మానసిక జబ్బుకు వైకల్య శాతం ఐడియాస్ స్కేలుతో వేస్తారు. సొంత పనులు, మనుషులతో మెలగడం, మాట–అవగాహన, ఉద్యోగం లేదా ఇంటిపని. ఒక్కోదానికి 0 (ఇబ్బంది లేదు) నుంచి 4, జబ్బు ఎన్నేళ్లుగా ఉందో దానికి ఇంకో 4 దాకా, మొత్తం 20. 7 వస్తే 40 శాతం, అక్కడి నుంచే పెన్షను, రిజర్వేషను. ఆడవాళ్లకు ఇక్కడే అన్యాయం జరుగుతుంది. ‘వంట చేస్తుందా?’ ‘చేస్తుందండీ.’ 0 పడిపోయింది. మనం ఓటీ నోట్‌లో రాయాల్సింది: పొయ్యి ముట్టించడానికి ఎన్నిసార్లు చెప్పాలి, ఏం వండాలో ఎవరు తేలుస్తారు, ఉప్పు రెండుసార్లు పడుతుందా, మొదలుపెట్టిన వంట ఎవరు ముగిస్తారు. పక్కన నిలబడి ఒక్కో మెట్టూ చెబితే తప్ప జరగని వంటకు 0 వేయకూడదు. బోర్డులో కూర్చున్న డాక్టరుకు రెండు నిమిషాలే ఉంటాయి. మన నోట్‌లో ఈ నాలుగు వాక్యాలు ఉంటే ఆ స్కోరు మారే అవకాశం ఉంది.

ఆక్లాండ్_తెలుగు

న్యూజిలాండ్ సంగతి రెండు ముక్కల్లో. ఇక్కడ ఎమరీ-విటింగ్టన్ అనే మావోరీ (ఇక్కడి మూలవాసి) ఓటీ 2021లో సూటిగా అడిగింది: ఆక్యుపేషనల్ జస్టిస్ అనే భావన కూడా వలసవాదపు పాత వ్యాపారమేనా అని. ఎవరి నిర్వచనంతో న్యాయం కొలుస్తున్నారన్నది ఆవిడ ప్రశ్న. పనిలో మారింది ఏమిటంటే, అసెస్‌మెంట్ ఫారం తీసేముందు పరిచయం, కుటుంబంతో మాట, ఏ ఊరు ఏ వంశం అన్న సంభాషణ. టైము అవుతుంది, కానీ ఆ తర్వాత అసెస్‌మెంట్ తొందరగా అవుతుంది, దాచేవి తగ్గుతాయి.

మనవాళ్లకు ఒక హెచ్చరిక. ఆ ‘ఏ ఊరు, ఎవరి పిల్లలు’ ప్రశ్న ఇక్కడ బంధం కలుపుతుంది. తెలుగు నేల మీద అదే ప్రశ్న కులం కనుక్కునే దారి. నేరుగా ఎత్తుకొచ్చి వాడకండి. ఇంకో సంగతి, మావోరీల నేల మీద మనం కూడా వలస వచ్చినవాళ్లమే. ఇంటి దగ్గర వలస పాలన బాధితులం అని చెప్పుకుంటూ ఇక్కడ ఆ సంగతి మర్చిపోవడం తేలిక.

పాలమూరు_పద్మ

కులం ప్రశ్న గురించి అక్షరాలా నిజం. ‘మీ ఇంట్లో పొద్దున లేచినకాడి నుంచి ఏం పనులైతయి, ఎవరెవరు చేస్తరు’ అని మొదలుపెడితే సరిపోతది, ఇంటిపేరు అవసరం లేదు.

ఇందూరు_హ్యాండ్స్

చేతుల వైపు నుంచి. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వైపు బీడీలు చేసే ఆడవాళ్లు బొటనవేలి మొదట్లో నొప్పి, వేళ్ల తిమ్మిరి, మెడనొప్పితో వస్తారు. పుస్తకం సలహా ఏమిటి? అరగంటకోసారి విరామం, థంబ్ స్పైకా స్ప్లింటు (బొటనవేలు కదలకుండా పట్టే పట్టీ), కుర్చీ–బల్ల. మూడూ పనికిరావు. వాళ్లకు కూలి వెయ్యి బీడీలకు ఇంత అని. విరామం అంటే కూలి తగ్గడం. బీడీ చుట్టేది బొటనవేళ్ల కొసలతోనే కాబట్టి స్ప్లింటు వేసుకుని చుట్టలేరు. కుర్చీలో కూర్చుంటే చాట ఒళ్లో నిలవదు.

కుదిరేవి చెబుతాను. స్ప్లింటు రాత్రికే. చాట కింద మడిచిన దుప్పటి పెట్టి నాలుగైదు అంగుళాలు ఎత్తు లేపితే మెడ వంపు తగ్గుతుంది. గోడకు ఆనుకుని, నడుము కింద పీట వేసుకుంటే మోకాళ్లు తుంటి కంటే కిందికి వస్తాయి. ఆకు కత్తిరించడం అంతా పొద్దున, చుట్టడం అంతా మధ్యాహ్నం అని కాకుండా కొంత కత్తిరించి కొంత చుట్టి మార్చుకుంటూ చేస్తే పట్టు మారుతుంది, కూలి తగ్గదు. తునికాకు బాగా నానకపోతే చుట్టడానికి ఎక్కువ బలం కావాలి, నానబెట్టే సమయం కూడా అడగండి. కత్తెర మొద్దుబారిందేమో చూడండి. చాలా చేతినొప్పులకు ఆ కత్తెరే మూలం.

ఇంతవరకు మన పని. తిరస్కరించిన బీడీలకు డబ్బు కట్ చేయడం, ఆకు తక్కువ తూచి ఇవ్వడం, వీటికి స్ప్లింటు లేదు. ‘ఎర్గోనమిక్ ఎడ్యుకేషన్ ఇవ్వబడింది’ అని కేసు మూసేస్తే నొప్పికి కారణం ఆమె కూర్చున్న తీరే అని మనం రాతపూర్వకంగా తేల్చినట్టు. నోట్‌లో ‘పీస్ రేట్ పని, రోజుకు ఇన్ని బీడీలు, ఇన్ని గంటలు’ అని రాయండి. యూనియన్, లేబర్ ఆఫీసు దాకా వెళ్లే కాగితం అదే.

కెఆర్_న్యూరో

రావడం పోవడం గురించి ఎవరూ అనలేదు. ‘వారానికి మూడుసార్లు రండి’ అన్నది కూడా ఒక ప్రిస్క్రిప్షనే, దాని ధర చూడాలి. 2025-26లో ఉపాధి హామీ కూలి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజుకు 307 రూపాయలుగా ఉండేది. ఆ లెక్కన తోడు వచ్చే ఒక్క మనిషి కూలి పోతేనే వారానికి 921, ఆటో, బస్సు, టిఫిను కాకుండా. రెండో వారం రాకపోతే మనం ‘నాన్-కంప్లయంట్’ (చెప్పినట్టు చేయని పేషెంట్) అని రాస్తాం. ఆ పదం ఇంటర్న్‌ల చేత మానిపించండి, దాని స్థానంలో ఎందుకు రాలేదో రాయించండి. పదిహేను రోజులకు ఒకసారి పిలిచి, ఇంట్లో చేసేవి రెండే రెండు పనులు చెప్పి, ఫోన్లో వీడియో తీయించి పంపండి. ఏడు ఎక్సర్‌సైజుల జిరాక్స్ ఇస్తే ఒక్కటీ జరగదు.

సింధు_ఓటీ

ఒక సాంకేతిక ప్రశ్న. సీఓపీఎం (తన పనులకు పేషెంటే మార్కులు వేసుకునే ఇంటర్వ్యూ స్కేలు) వాడాలనుకుంటున్నాం, పేషెంట్ చెప్పిన పనే గోల్ అవుతుంది కాబట్టి. కానీ 1 నుంచి 10 అంటే చదువు రానివాళ్లు ‘మీరే వేయండి మేడం’ అంటున్నారు. లీజర్ (తీరిక) సెక్షన్ ఖాళీగా మిగిలిపోతోంది.

కృష్ణాతీరం

పది చింతగింజలు. మొదట పనులు మాటల్లో చెప్పించండి. ఒక్కో పనికీ ‘ఇది మీకు ఎంత ముఖ్యం, అన్ని గింజలు పెట్టండి’. అయిదు పనుల కన్నా ఎక్కువ వద్దు. తర్వాత అవే పనులకు ఎంత బాగా చేయగలుగుతున్నారు, ఎంత తృప్తిగా ఉంది, రెండుసార్లు గింజలు. రెండు గింజలు లేదా అంతకు మించి పెరిగితే నిజమైన మార్పు కింద లెక్క. ముందు ఒక ట్రయల్ వేయాలి. ‘టీ అంటే ఎంత ఇష్టం, కాకరకాయ అంటే ఎంత ఇష్టం’ అని అడగండి. రెండింటికీ పది గింజలు పెడితే ఇంకా అర్థం కాలేదన్నమాట. అత్తగారో కొడుకో పక్కనుంటే గింజలు వాళ్ల మొహం చూసి పడతాయి, బయట కూర్చోమనండి.

డప్పు_దరువు

లీజర్ గడి ఖాళీగా ఉంటే ‘ఏమీ లేదు’ అని నింపొద్దు. స్వీయ సంరక్షణ, ఉత్పాదకత, తీరిక అన్న మూడు డబ్బాలే హామెల్ ఎప్పుడో ప్రశ్నించింది. ‘హాబీలేంటి’ అంటే ఎవరూ చెప్పరు. ‘ఎవరితో కూర్చుంటే పొద్దుపోతుంది, ఎక్కడ’ అని అడగండి. చెట్టు కింద, బోరింగ్ కాడ, చర్చి ముందు, డప్పు కాడ అని జవాబొస్తుంది. అక్కడిదాకా నడవగలడా, అక్కడ కూర్చోగలడా, అక్కడ కూర్చోనిస్తారా? మూడో ప్రశ్నకు గోనియోమీటరు (కీలు వంపు కొలిచే పరికరం) లేదు, కానీ గోల్ షీటులో దానికీ ఒక లైను ఉండాలి.

నల్లరేగడి

చదువు రానివాళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి. వృద్ధుల్లో మతిమరుపు చూడడానికి ఈఏఎస్ఐ ఉంది, హర్యానాలోని బల్లబ్‌గఢ్ పల్లెల్లో చదువు రాని ముసలివాళ్ల కోసమే తయారై 1999లో అచ్చయింది. ఊళ్లో దారి తప్పుతున్నారా లాంటి ప్రశ్నలు, చెక్ బుక్కు ప్రశ్నలు కాదు. కెటిల్ టెస్ట్ పేరు వినే ఉంటారు, ఎలక్ట్రిక్ కెటిల్‌తో రెండు వేడి పానీయాలు చేయించే పరీక్ష. కెటిల్ ఎప్పుడూ ముట్టని మనిషికి అది మెదడు పరీక్ష కాదు, వస్తువు పరీక్ష. గ్యాసు పొయ్యి మీద టీ పెట్టించి చూడొచ్చు, కానీ ఆ స్కోరును కెటిల్ టెస్ట్ స్కోరు అని రాయకూడదు. కెఆర్ గారి మాటే మళ్లీ.

కెఆర్_న్యూరో

అవును, ‘పరిశీలన’ అని రాసి ఏం చూశారో వరసగా రాయండి. సింధు మేడం, నేల షీటు ఒక పేజీలో టైపు చేసి ఆదివారంలోగా ఇక్కడ పెడతాను, పద్మ గారి రెండో గడి కూడా కలిపి. బస్సు మెట్టు ఎత్తు ఒక్కటి మీ డిపోలో టేపుతో కొలిచి చెప్పండి. పల్లె వెలుగుకీ ఎక్స్‌ప్రెస్‌కీ ఒకేలా ఉండదు.